గుర్రం చెవి మీది రంగు

మా వీధిలో ఎవరింటికి రంగులు వేస్తున్నా, పిలవకపోయినా నేను వెళ్లిపోతాను. డబ్బా పక్కకు తిప్పి, కళ్లజోడు సవరించుకుని, దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నదంతా మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. సీసం లేదని రాసి ఉంటే మంచినీళ్లు అడిగి తాగి వచ్చేస్తాను. రాసి లేకపోతే ఇంటాయనతో గొడవే. ఇక్కడి పెయింటర్లకు నేనంటే హడల్. "అదిగో, డబ్బా తాత వత్తన్నాడు" అని ఒకరికొకరు చెప్పుకోవడం నా చెవిన పడుతూనే ఉంటుంది. రిటైరైన వాడికి ఇంతకంటే పెద్ద బిరుదు ఎవరిస్తారు లెండి.

ఎందుకీ చాదస్తం అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఇప్పుడిప్పుడే యార్డుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ చేరుతున్న మీ వయసువాళ్ల కోసం. ఎవరి పేర్లూ రాయను. రాస్తే కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోవడానికి ఇప్పుడు కొందరు లేరు కూడా.

మాది గోదావరి జిల్లా. విశాఖపట్నంలో ఓడలు బాగుచేసే ఒక యార్డులో పెయింటర్‌గా చేరి, తొంభైల నాటికి పదకొండు మంది గ్యాంగుకి చార్జ్‌మన్‌నయ్యాను. గ్యాంగులో నేను తప్ప అందరూ ఈ ప్రాంతం వాళ్లే. ప్రతి మాటకీ నేను 'అండీ' తగిలిస్తానని వాళ్లకి నవ్వు. ఓడ అడుగున తుప్పు గోకుతూ "ఏవండీ తుప్పుగారూ, కాస్త రాలతారా అండీ" అని నన్ను అనుకరించేవాడు ఒకడు. వాడు నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ని బావా అనే పిలిచేవాణ్ని. ఈ కథ వాడి కూతురిది. అందుకని ఇందులోనూ వాణ్ని బావ అనే రాస్తాను.

మాలో ఒక ఆనవాయితీ ఉండేది. ఓడ పని పూర్తయ్యాక, మూత తీసిన డబ్బాల్లో మిగిలిన రంగుని స్టోర్సు వాళ్లు వెనక్కి తీసుకునేవారు కాదు. దాన్ని మేం పంచుకునేవాళ్లం. నిబంధనల ప్రకారం గేటు దాటించకూడదు. కానీ టిఫిన్ క్యారియర్లో, సైకిల్ సంచిలో అది దాటుతూనే ఉండేది, చూడవలసిన వాళ్లు చూడనట్టు ఊరుకునేవారు. గాజువాకలో మా కాలనీ గేట్లు చూస్తే ఆ ఏడాది ఏ ఓడలు వచ్చి వెళ్లాయో చెప్పొచ్చు. బూడిదరంగు గేట్లుంటే సరుకు ఓడ, పచ్చ గేట్లుంటే చేపల ట్రాలరు. ఎవరికెంత ఇవ్వాలో తేల్చేది నేనే. ఆ పెద్దరికం నాకు బాగా నచ్చేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గులేదు.

ఆ రంగుల్లో రెడ్ లెడ్ అని ఒకటి ఉండేది. తుప్పు పట్టకుండా ఇనుము మీద అన్నిటికంటే ముందు వేసే పూత. నిండు సింధూరం రంగు. అందులో ఉన్నది సీసం, అందుకే మిగతా డబ్బాల కంటే అది బరువు. దాని గురించి మా షెడ్డు గోడ మీద ఒక హెచ్చరిక బోర్డు ఉండేది, ఇంగ్లీషులోనూ హిందీలోనూ. సీసం విషమని, చేతులు కడగకుండా ఏమీ తినకూడదని, పని బట్టలతో ఇంటికి వెళ్లకూడదని అందులో ఉందట. ఉందట అని ఎందుకంటున్నానంటే, ఏటా తనిఖీకి ముందు ఆ బోర్డు మీద అక్షరాలు వెలిసిపోకుండా దిద్దింది మేమే. ఒక్క ఏడు కూడా చదవలేదు.

మా కాలనీ చివర ఒక అంగన్‌వాడీ ఉండేది. ఒకే గది, వరండా. టీచరు ఎప్పుడూ మీటింగుల్లో ఉండేది. పిల్లల్ని నిజంగా పెంచింది అక్కడి ఆయమ్మ. ఫిషింగ్ హార్బర్ దగ్గర పుట్టి పెరిగిన మనిషి, వేకువన వేలంపాటల్లో అరిచిన గొంతు. ఆవిడ పిలిస్తే వీధి చివరి పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చేవారు. కిటికీ ఊచలు, వరండా కటకటాలు తుప్పు పట్టి పిల్లల చేతులు గీరుకుంటున్నాయని ఆవిడ ఒకసారి మాతో అంది. అంతే, మా గ్యాంగుకి ఊపు వచ్చింది. ఒక ఆదివారం అందరం బ్రష్షులతో దిగిపోయాం. యార్డులో వెల్డర్లు తుక్కు రేకులతో ఒక చిన్న గుర్రం చేసిచ్చారు, ఎక్కి కూర్చుంటే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దానికి నిటారుగా రెండు చెవులు పెట్టారు, పిల్లలు పట్టుకోవడానికి.

ఊచలకీ, కటకటాలకీ, గుర్రానికీ రెడ్ లెడ్ కొట్టాం. దాని మీద పైరంగు వెయ్యాలి. అది వెయ్యకుండా ప్రైమర్ని అలా వదిలెయ్యకూడదని మొదటి రోజు పనిలో చేరిన వాడికి కూడా తెలుసు. కానీ పైరంగు డబ్బా అడుగంటింది. గుర్రం ఎర్రగా నిగనిగలాడుతోంది. దాన్ని చూసి పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు. "ఉండనీ బావా, పిల్లలకి ఎరుపంటే ఇష్టం" అన్నాడు బావ. ఉండనిచ్చాను. మధ్యాహ్నం ఆయమ్మ వండిన చేపల పులుసుతో అందరం కడుపునిండా తిని, చాలా పుణ్యం చేసుకున్నామనుకుంటూ ఇళ్లకు వెళ్లాం.

బావ కూతురికి అప్పుడు మూడేళ్లు నిండలేదు. ఆ పిల్లకి గుర్రం ఇంకొకరికి ఇవ్వడమంటే ఏడుపే. గలగలా మాట్లాడేది. నీ పేరేమిటమ్మా అంటే తన పేరు, తండ్రి పేరు, వీధి పేరు, పక్కనున్న కిరాణా కొట్టు పేరు ఒక్క ఊపిరిలో చెప్పేసేది. వినడం కోసమే మా ఆవిడ రోజుకు రెండుసార్లు అడిగేది. వర్షాకాలం దాటేసరికి ఆ పిల్ల పాలిపోయింది. అన్నం పెడితే మొహం తిప్పుకునేది. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. నులిపురుగులన్నారు, మందు వేశారు. దిష్టి అన్నారు, ఉప్పు తిప్పారు. వీధిలోని డాక్టరు బలానికి టానిక్ ఇచ్చాడు. ఏదీ పట్టలేదు. ఒకరోజు మా ఆవిడ పేరు అడిగితే, వినబడనట్టు గోడవైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బాబూ, నానొకటి అడుగుతాను, కోప్పడకండి. గుర్రం సెవులు మీద రంగు ఏటయిపోనాది?"

అరిగిపోయి ఉంటుందమ్మా, పిల్లలు పట్టుకుంటారు కదండీ అన్నాను.

"పట్టుకుంటే సేతులెట్టే సోట అంతా అరగాల. సెవులు కొనలే తెల్లగయిపోనాయి. రాలితే కింద పడాల. నాను రోజూ తుడుత్తన్నాను, కింద నేదు. మరెక్కడికెల్లింది?"

పిల్లలు దాని మీద ఊగుతూ చెవులు కొరుకుతున్నారని, అందరికంటే ఎక్కువ బావ కూతురే కొరుకుతోందని ఆవిడ చెప్పింది. నేను నవ్వాను. సముద్రంలో ఉప్పునీళ్లకి ఏళ్ల తరబడి తట్టుకునే రంగు అదమ్మా, పిల్లల పళ్లకి ఏమవుతుంది, మీరు అనవసరంగా భయపడుతున్నారు అన్నాను. ఇంత అనుభవం ఉన్నవాణ్ని, రంగుల గురించి నాకా చెబుతారు అనే ధోరణి నా గొంతులో ఆవిడకు వినిపించే ఉంటుంది. సరే బాబూ అని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ గుర్రానికి పాత గోనె చుట్టి మూలన పెట్టేసిందట. అది నాకు తర్వాత తెలిసింది. కానీ ఊచలూ కటకటాలూ అక్కడే ఉన్నాయి కదా. ఆ తర్వాత మూడు వారాలు నేను ఏమీ చెయ్యలేదు. నా ఉద్యోగం మొత్తంలో నేను మరిచిపోలేని వారాలు అవే.

యార్డు డిస్పెన్సరీకి అప్పుడే ఒక డాక్టరమ్మ కొత్తగా వచ్చారు. అంతకుముందు పెయింటర్ల వైద్యపరీక్ష అంటే గుండె మీద గొట్టం పెట్టి, సంతకం పెట్టి పంపెయ్యడమే. ఈవిడ ఒక్కొక్కర్నీ వెలుతురులోకి తిప్పి నోరు తెరిపించి చూశారు. బావ దగ్గర చాలాసేపు ఆగారు. చిగుళ్ల వెంట సన్నగా నీలం గీత ఉంది. ఇది ఒంట్లో సీసం చేరిందనడానికి గుర్తని, పని బట్టలు ఎక్కడ ఉతుకుతారని, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగారు. పెద్దవాళ్ల కంటే పిల్లలకి అది చాలా ప్రమాదమని, కడుపునొప్పి, రక్తం తగ్గిపోవడం, వచ్చిన మాటలు కూడా పోవడం ఉంటుందని చెప్పారు. నేను వరసలో బావ వెనకాలే నిలబడి ఉన్నాను. నాకు ఆయమ్మ మాట గుర్తొచ్చింది. ఆ రంగు ఎక్కడికి వెళ్లిందో అప్పుడు తెలిసింది.

వరసలోంచి బయటికొచ్చి డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు, పాపని ఆ రోజే తీసుకురమ్మన్నారు. బావకి చెప్పడమే నాకు గండమయింది. జెట్టీ మీద ఓడ తాళ్లు కట్టే ఇనప దిమ్మ మీద కూర్చోబెట్టి చెప్పాను. వాడు కొడితే పడదామనే అనుకున్నాను. వాడు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"మన సేతుల్తో మనమే ఎట్టినాం గదా బావా" అన్నాడు.

పాప రక్తం వేరే ఊరి ల్యాబుకి వెళ్లింది. ఫలితం రాకముందే డాక్టరమ్మ తన పూచీ మీద పెద్దాసుపత్రిలో చేర్పించారు. అనుకున్నంతా నిజమేనని తర్వాత కాగితం వచ్చింది. లోపలికి విషం పోవడం ముందు ఆగాలి, మందు పని ఆ తర్వాతే అన్నారు. ఆ అంగన్‌వాడీకి ఇంకా పాతికమంది పిల్లలు వస్తున్నారు.

ఆదివారం పొద్దున్నే గ్యాంగంతా సుత్తులు, వైరు బ్రష్షులతో అక్కడ వాలాం. రంగు తియ్యాలంటే మాకు తెలిసిన పని ఒకటే, కొట్టి, గీకి, దులిపెయ్యడం. ఓడ మీద అలాగే చేస్తాం. నేను సుత్తి ఎత్తేసరికి ఆయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నోట్లోకెల్తేనే ఇలాగయిపోనాది. దీన్ని పొడి సేసి గాల్లోకి ఎగరేత్తారేటి? పిల్లలు రేపు ఈ నేల మీదే గదా పడుకుంతారు?"

పదకొండు మంది పనిమంతులం, ఎత్తిన సుత్తులు దించేశాం. అంతమందిలో ఒక్కడికీ తోచని మాట అది. ఈసారి నేను నవ్వలేదు. ఏం చెయ్యమంటారో చెప్పండమ్మా అన్నాను. ఆవిడ చెప్పినట్టే చేశాం. తడి గోనెలు కప్పి, గోకడం మానేసి, కిటికీలు చట్రాలతో సహా ఊడదీశాం. కటకటాలు బోల్టులు విప్పి మొత్తంగా దించాం. గుర్రాన్ని గోనెతోనే ఎత్తాం. నేల మూడుసార్లు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డల్ని కూడా డబ్బాల్లో పెట్టి మూతలు బిగించాం. ఇదంతా తీసుకెళ్లి వెనకున్న గెడ్డ కాలవలో పారేద్దామని నేనే అన్నాను, నీళ్లలో కొట్టుకుపోతుంది కదా అని. గెడ్డ సముద్రంలోకే కదా వెళ్లేది, అక్కడ మా వాళ్లు వలేసి పట్టిన సేపలే కదా మీరు కొనుక్కుతినేది అంది ఆయమ్మ. నా చార్జ్‌మన్ ఉద్యోగం ఆవిడకివ్వాల్సిందని మా వాళ్లు తర్వాత చాలా ఏళ్లు ఏడిపించారు.

ఇంక మిగిలింది ఒకటే దారి. ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడికే తీసుకెళ్లాలి. యార్డులో విషపు చెత్తకి వేరే గొయ్యి ఉంది, సిమెంటు కట్టింది. సోమవారం పొద్దున ట్రాలీ ఆటోలో అంతా వేసుకుని గేటు దగ్గరికెళ్లాను. సెక్యూరిటీ ఆయన ఆపాడు. బయటికి వెళ్లినట్టు కాగితం లేని సామాను లోపలికి ఎలా వస్తుందని అడిగాడు. నిజమే. మా లెక్కలో అది గేటు దాటనే లేదు.

మా మేనేజరు గారికి కబురెళ్లింది. ఆయన వచ్చి టార్పాలిన్ ఎత్తి చూసి, నన్ను పక్కకి పిలిచారు. ఫోర్‌మన్ ప్రమోషను లిస్టులో నా పేరు మొదటే ఉందని ఇద్దరికీ తెలుసు.

"దీన్ని లోపలికి తియ్యాలంటే నువ్వే బయటికి తీసుకెళ్లావని రాసివ్వాలి. రాస్తే దొంగతనం కింద వస్తుంది. ఎక్కడైనా పారేసి వచ్చెయ్యి. నేను నిన్ను చూడలేదు."

ఆయన మంచికే అన్నారు. ఇద్దరు పిల్లల చదువులు, కట్టుకుంటున్న ఇల్లు, అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి. ఆటో డ్రైవరు హారన్ కొడుతున్నాడు. "ఎక్కడ పారెయ్యమంటారండీ?" అన్నాను. ధిక్కారంగా అన్న మాట కాదది, నిజంగానే అడిగాను. ఆయన చుట్టూ చూశారు. ఆ గేటు నుంచి గాజువాక దాకా ఎవరి ఇల్లూ లేని చోటు, ఎవరి పిల్లలూ ఆడుకోని చోటు ఆయనకీ తోచలేదు. కాసేపటికి తన జేబులోంచి కలం తీసి ఇచ్చారు.

సెక్యూరిటీ బల్ల మీదే రాశాను. అప్పటికి ఫస్టు షిఫ్టు వాళ్లు సైకిళ్ల మీద వస్తున్నారు. మా గ్యాంగు ఒక్కొక్కరే దిగి చుట్టూ మూగారు. రాత్రంతా ఆసుపత్రిలో ఉండి వచ్చిన బావ కాగితం చదివి, "గుర్రానికి రంగేసింది నాను. నా పేరు నీ పేరుకి పైన రాయి" అన్నాడు. పైన చోటు లేదంటే కింద సంతకం పెట్టాడు. తర్వాత ఎవరూ ఎవర్నీ అడగలేదు. కాగితం చేతులు మారుతూ పదకొండు సంతకాలయ్యాయి. వాళ్లలో ముగ్గురు గుర్రానికి బ్రష్షు పెట్టనే లేదు, మా ఇంటి గేటూ ఆ రంగేగా అని పెట్టారు. మీకు ఉద్యోగంలో ఎంత జీతం వచ్చినా అలాంటి పదిమంది దొరకాలని కోరుకుంటాను.

విచారణ జరిగింది. అందరికీ మందలింపు కాగితాలొచ్చాయి. నా ప్రమోషను రెండేళ్లు వెనక్కి పోయింది. ఉద్యోగాలు మాత్రం పోలేదు. ప్రమాదం తెలిసి, తమంతట తాము సరుకు తిరిగి తెచ్చారని మేనేజరు గారు తన నోటులో రాశారు. ఆ ఒక్క వాక్యమే మమ్మల్ని కాపాడింది. ఆ ఏడాదిలోనే షెడ్డు పక్కన స్నానాల గదులు కట్టారు. పని బట్టలు అక్కడే విప్పి, ఒళ్లు కడుక్కుని ఇంటికి వెళ్లడం అలవాటైంది. ఇది సుళువుగా ఏమీ రాలేదు, డాక్టరమ్మ రాసిన ఉత్తరాల కట్ట నేను చూశాను. హెచ్చరిక బోర్డుని తెలుగులో రాయించాం. రాసింది నేనే, ఈసారి చదువుతూ రాశాను. ఆదివారాలు ఆయమ్మా నేనూ కాలనీలో ఇంటింటికీ తిరిగి గేట్లు, ఉయ్యాల గొలుసులు, మంచాల కోళ్లు చూసేవాళ్లం. కొందరు కసిరారు. ఆయమ్మ గొంతు ముందు ఎవరూ ఎక్కువసేపు కసరలేకపోయారు.

పాప చాలా వారాలకి ఇంటికొచ్చింది. మరో రెండు నెలలకి బావ దాన్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయమ్మా ఉంది. మా ఆవిడ భయం భయంగా, నీ పేరేమిటమ్మా అని అడిగింది. పిల్ల తండ్రి కాళ్ల వెనక్కి వెళ్లి, తల బయటపెట్టి, మెల్లగా పేరు చెప్పింది. ఆగి, తండ్రి పేరు చెప్పింది. వీధి పేరు దగ్గర తడబడి, మళ్లీ మొదలుపెట్టి, కిరాణా కొట్టు దాకా వచ్చింది. మా ఆవిడ ఏడుస్తూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను పిల్లని ఎత్తుకోబోతుంటే ఆయమ్మ, "సేతులు కడుక్కున్నారా బాబూ?" అంది. కడుక్కున్నాను. అయినా వెళ్లి మోచేతుల దాకా మళ్లీ కడుక్కుని వచ్చాను. ఆ అమ్మాయి చదువులో కొంచెం నెమ్మదిగానే నడిచింది, లెక్కలు ఇప్పటికీ వేళ్ల మీదే. అందులో నా మూడు వారాల వాటా ఎంతో నాకు తెలియదు. ఇప్పుడు రుషికొండ వైపు ఒక ఆఫీసు క్యాంటీన్‌లో ఉద్యోగం చేస్తోంది, మాటలు మాత్రం ఆగవు.

గుర్రం యార్డులో శుభ్రపడి, ఒట్టి ఇనుముగా తిరిగొచ్చింది. డాక్టరమ్మ చూసి సరేనన్న రంగే వేశాం, చెవులు మాత్రం వదిలేశాం. ఆయమ్మ పట్టుబట్టింది. రంగు లేకపోతే తుప్పు పడుతుందమ్మా అంటే, ప్రతి శనివారం కొబ్బరినూనె రాస్తానంది. రిటైరయ్యేదాకా రాసింది. తర్వాత ఆ పని నాకొచ్చింది. ముప్ఫై ఏళ్లపైన ఎన్ని ఓడలకు రంగు వేశానో నాకే గుర్తులేదు. వెయ్యకుండా వదిలేసిన ఆ రెండు చెవులు చూసినప్పుడు మాత్రం మనసు చల్లగా ఉంటుంది.

ఈ మధ్య ఆయమ్మ కూతురి చెయ్యి పట్టుకుని అంగన్‌వాడీ చూడ్డానికి వచ్చింది. చూపు దాదాపు పోయింది. తడుముకుంటూ గుర్రం దగ్గరికెళ్లి, రెండు చెవులూ కొనల దాకా నిమిరి, వేళ్లు వాసన చూసుకుంది.

"రంగెయ్యనేదు గదా బాబూ?"

"లేదమ్మా. నూనె రాస్తున్నానండీ."

"ఎవరయినా సెప్తే ఇంతారు బాబూ మీరు, అదే మంచి గునం."

"మొదటిసారి వినలేదమ్మా" అన్నాను. ఎన్నో ఏళ్లుగా ఆవిడతో అనాలనుకుని అనలేకపోయిన మాట అది.

ఆవిడ గుర్రం చెవి కొనని ఇంకోసారి నిమిరింది. "తర్వాతయినా ఇన్నారు గదా" అంది.